కూర్చుంటానని ఇచ్చిన మాట

మాట ఇవ్వడానికేం, నోరుంటే చాలు. దాన్ని నిలబెట్టుకోవాల్సి వచ్చినప్పుడే మనిషి మొత్తం కావాల్సి వస్తుంది. గంగక్కకు ఆ సంగతి అజా మూడో రోజు మధ్యాహ్నానికి బాగా తెలిసొచ్చింది.

అజా అంటే మన పరామర్శ లాంటిదే. కువైట్‌లో ఎవరైనా పోతే ఆ ఇంటి ఆడవాళ్లు మూడు రోజులు నల్లబట్టలు వేసుకుని హాల్లో వరుసగా కూర్చుంటారు. వచ్చినవాళ్లు చెయ్యి కలిపి, "అజ్జమ్ అల్లా అజ్రిచ్" అంటారు. నీ దుఃఖానికి దేవుడు పెద్ద ఫలమివ్వాలి అని దానర్థం. ఆ ఒక్క ముక్క చెప్పి, కూర్చుని గహ్వా, అంటే చేదు అరబ్బీ కాఫీ, తాగి వెళ్లిపోతారు. మూడో రోజు పొద్దు కుంకి మగ్రిబ్ నమాజుకు పిలిచే బాంగు వినబడిందంటే అజా ఖలాస్. కుర్చీలు ఎత్తేస్తారు.

రుమైథియాలో మబ్రూకా మామా ఇంట్లో అది మూడో రోజు. పోయింది మబ్రూకా మామానే. ఆమె బతికుండగా గంగక్క ఇచ్చిన మాట ఒక్కటే. "నీ అజాల నేను గహ్వా పొయ్య. నీ వాళ్ల పక్కన కుర్చీల కూసుంట." రెండు రోజులు అయిపోయాయి. గంగక్క కూర్చోలేదు. ఎడమచేత్తో దల్లా అనే గహ్వా కూజా, కుడిచేత్తో ఫింజాన్లనే చిన్న చిన్న కప్పుల దొంతర పట్టుకుని హాలంతా తిరుగుతూనే ఉంది. ఆ సాయంత్రం పొద్దు కుంకితే మాట తప్పినట్టే. తప్పినా అడిగేవాళ్లు ఎవరూ లేరు, అదే ఆమె బాధ.

మామా ఎవరో ముందు చెప్పాలి. చెప్పకపోతే ఈ మాటకు విలువ తెలియదు.

కువైట్‌లో పనిచేసే ఆడవాళ్లు ఇంటి యజమానురాలిని మామా అనే పిలుస్తారు. ఈమెను మాత్రం జహ్రా నుంచి అబ్బాసియా దాకా, ఆమె గడప తొక్కని వాళ్లు కూడా మామా అనేవారు. ఆమె వకీలు. పొడుగ్గా, బక్కపలచగా, నిగనిగలాడే నల్లటి మనిషి. ఆమె నాయనమ్మను ఆడుకునే వయసులో ఆఫ్రికా నుంచి పడవలో తెచ్చి ఇక్కడ ఒక ముత్యాల వ్యాపారి ఇంట్లో అమ్మేశారు. తల్లి పదిమంది ఇళ్ల బట్టలు ఉతికింది. ఆ ఇంటి పిల్ల కైరో వెళ్లి లా చదువుకుని, నల్ల గౌను వేసుకుని కోర్టు మెట్లెక్కింది. కోర్టులో ఆడవాళ్లే అరుదైన రోజులవి. అందులో నల్ల ఆడమనిషి అంటే ఇక చెప్పేదేముంది.

మొదటి రోజే గుమ్మం దగ్గర కాపలావాడు ఆపాడట. "ఊడ్చేవాళ్ల తలుపు వెనకాల ఉంది," అన్నాడట. మామా తన వకీలు కార్డు తీసి వాడి చేతిలో పెట్టింది. "చదువు," అంది. చదివాడు. "గట్టిగా చదువు, నాకు చెవుడు," అంది. ఆమెకు చెవుడూ లేదు, పాడూ లేదు. మెట్ల మీద ఉన్న జనమంతా వినేదాకా వాడిచేత తన పేరు చదివించుకుని అప్పుడు లోపలికి వెళ్లింది. ఈ కథ ఆమె గంగక్కకు ఎన్నిసార్లు చెప్పిందో లెక్కలేదు. చెప్పిన ప్రతిసారీ కాపలావాడి గొంతు ఇంకొంచెం పెరిగేది.

ఆ రోజు నుంచి మామా ఏ ఇంటికీ, ఏ ఆఫీసుకూ వెనక తలుపు నుంచి వెళ్లలేదు. ఆఖరికి సొంత ఇంటికి కూడా. శుక్రవారం తెల్లారే చేపల బజారుకు వెళ్లి జుబైదీ చేపలు కొని, ఆ సంచీ పట్టుకుని ముందు గుమ్మంలోంచి, కార్పెట్ మీదుగా, నీళ్లు కార్చుకుంటూ వంటింట్లోకి వచ్చేది. వెనకాల గుడ్డ పట్టుకుని గంగక్క గొణుగుడు.

"మామా, గా చేపలనన్న యెనుక నుంచి తేరాదు? కార్పెటంత నీసు వాసన గొడుతున్నది."

"చేపకు మాత్రం గౌరవం వద్దా గంగా?" అనేది మామా.

మొండివాడు రాజుకంటే బలవంతుడంటారు కదా. మామా మొండితనంతో ఎన్ని పనులయ్యాయో. రంగు చూసి పెళ్లికి హాలు ఇవ్వం పొమ్మన్న పెద్దమనుషుల్ని కోర్టుకు లాగింది. పుట్టిన దేశంలోనే ఏ కాగితమూ లేక బడి గేటు బయట నిలబడ్డ పిల్లల్ని లోపల కూర్చోబెట్టింది. పాస్‌పోర్టు లాక్కుని, గదికి తాళమేసి పనిచేయించుకునే ఇళ్ల మీద కేసులు వేసి వేసి, సగం చుట్టాలకు చెడ్డదైంది. ఆమెకు పెళ్లి లేదు, పిల్లల్లేరు. "నా కేసులే నా పిల్లలు, కొన్ని మాట వింటాయి, కొన్ని వినవు," అనేది.

గంగక్కది జగిత్యాల జిల్లా. ఆమె కూడా అలాంటి కేసుగానే మామా చేతికొచ్చింది. జహ్రాలో ఒక ఇంట్లో పనిచేస్తుంటే, ఊళ్లో తల్లి పోయిందని కబురొచ్చింది. పంపమని ఏడిస్తే ఆ ఇంటివాళ్లు పంపలేదు, పాస్‌పోర్టు ఇవ్వలేదు. ఎలాగో గోడ దూకి బయటపడింది. కేసు రోజున కోర్టు వరండాలో గంగక్క గోడవారగా నేల మీద చతికిలపడి కూర్చుంది. పక్కనే బల్ల ఖాళీగా ఉంది. "పైన కూర్చో," అంది మామా. గంగక్క తల అడ్డంగా ఊపింది. మామా నల్ల గౌను సర్దుకుని వచ్చి, పక్కన నేల మీద తనూ కూర్చుంది.

దారిన పోయే వకీళ్లు ఆగి చూశారు. ఒకాయన, "ఉస్తాజా, ఏమైంది?" అని కంగారుగా అడిగాడు. ఉస్తాజా అంటే వకీలమ్మగారూ అని. "నా క్లయింటు ఎక్కడ కూర్చుంటే నేనూ అక్కడే," అంది మామా. గంగక్కకు తల కొట్టేసినట్టయింది. తను బల్ల ఎక్కితే తప్ప ఈమె లేవదని అర్థమై, లేచి బల్ల అంచున కూర్చుంది. ఆ కేసు మామా గెలిచింది. గంగక్కను తన ఇంట్లోకే పనికి తెచ్చుకుంది.

ఇంట్లో మళ్లీ అదే తగాదా. అన్నాల వేళ మామా తన పక్క కుర్చీ లాగి, "కూర్చో," అనేది. గంగక్క కూర్చునేది కాదు.

"కూసుండి తింటే కొండలు కరుగుతయ్ మామా. నువ్వు తిను, నేనెనుక తింట."

"కరగనీ. నాకు కొండల్లేవు."

ఒకరోజు మామాకు కోపమొచ్చి పళ్లెం తీసుకుని వంటింట్లోకి వచ్చేసింది. గంగక్క పొయ్యి దగ్గర నిలబడి తింటుంటే, పక్కన తనూ నిలబడి తినడం మొదలుపెట్టింది. ఏం చెప్పమంటారు. కేసు ఎవరూ ఓడిపోలేదు, ఎవరూ గెలవలేదు. ఏళ్ల తరబడి ఆ ఇద్దరు ఆడవాళ్లూ పొయ్యి పక్కన నిలబడే తిన్నారు. మామాకు గంగక్క చేసే పచ్చిపులుసు ప్రాణం. గంగక్కకు మామా చేసే చేపల అన్నం ప్రాణం. హాల్లో నున్నటి బల్ల, చుట్టూ చెక్క కుర్చీలు దుమ్ము పట్టకుండా తుడిపించుకుంటూ ఉండిపోయాయి.

మూర్ఖత్వమనుకోకండి. గంగక్క చిన్నప్పుడు వాళ్ల ఊళ్లో దొర వీధిలో నడిచి వస్తుంటే అరుగుల మీద ఉన్న వాళ్లంతా లేచి నిలబడాలి. తల్లి రాజవ్వ నెలలు నిండిన కడుపుతో కూడా లేచేది. పక్కన ఆడుకుంటున్న గంగక్క చెయ్యి పట్టి లేపేది. తర్వాత దొరలు పోయారు, వాళ్ల గడీలు కూలాయి. మోకాళ్లు మాత్రం ఆ పాఠం మర్చిపోలేదు. పెద్దవాళ్ల ముందు కుర్చీ కనబడితే గంగక్క కాళ్లు వాటంతటవే బిగుసుకునేవి.

ఇక మాట ఎప్పుడు ఇచ్చిందంటే, పోయిన చలికాలం. మామాకు గుండె జబ్బు. మాత్రలంటే చిన్నపిల్లకంటే అన్యాయం. నోరు మూసుకుని కూర్చునేది.

"మాత్ర వేసుకుంటే నాకేం ఇస్తావు?" అంది ఒకరోజు.

"ఏం గావాలె నీకు?"

"నా అజాలో నువ్వు గహ్వా పోయకూడదు. నా వాళ్ల పక్కన కుర్చీలో కూర్చోవాలి. వచ్చినవాళ్లు నీకు కూడా చెయ్యి కలిపి చెప్పాలి."

"పాడు మాటలు మాట్లాడకు. మాత్ర మింగు."

"వల్లా అను."

వల్లా అంటే దేవుడి మీద ఒట్టు. గంగక్క గోడ గడియారం చూసింది, మాత్ర వేళ దాటిపోతోంది. "సరే తియ్యి, వల్లా. కూసుంట," అంది. మామా గుటుక్కున మింగి, "కేసు ఖలాస్," అని నవ్వింది. మాత్రలు మింగుతోంది కదా, ముసలమ్మ నూరేళ్లుంటుందిలే అనుకుంది గంగక్క. ఉండలేదు. ఒక తెల్లవారుజామున నమాజు చేసుకుని, చాప మడత పెట్టకుండానే ఒరిగిపోయింది.

అజా పెత్తనమంతా మామా వదినెది. ఆమెను అందరూ ఉమ్ జాసిం అంటారు, జాసిం తల్లి అని. భారీ మనిషి, గొంతు కూడా భారీయే. గంగక్క ఇఖామా, అంటే ఈ దేశంలో ఉండనిచ్చే కాగితం, ఇప్పుడు ఆమె ఇంటి పేరు మీదికి మారాలి. మారితే ఇక్కడే పని, లేకపోతే సంచీ సర్దుకోవడమే. ఆ మాట ఉమ్ జాసిం మొదటి రోజే చెప్పింది, "పని చూసి ఆలోచిస్తాను," అని.

ఆమెనూ తప్పు పట్టడానికి లేదు. గంగక్క మొదటి రోజు పొద్దున భయపడుతూ భయపడుతూ, "మామా నన్ను కూసోమన్నది," అని వచ్చీరాని అరబ్బీలో చెప్పబోయింది. ఉమ్ జాసిం వినిపించుకోలేదు. "చూడు గంగా. మా అమ్మ ఈ ఊళ్లో పెద్దింటి చావులన్నిటికీ గహ్వా పోసింది. నా చేత్తో నేను ఎవ్వరికీ పోయలేదు, పోయను. ఈ మూడు రోజులూ ఆ పెద్దింటి ఆడవాళ్లంతా మన గడపలోకి వస్తారు. నల్లోళ్ల ఇంట్లో మర్యాద తెలియలేదని ఒక్కరు అనకూడదు. దల్లా చల్లారకూడదు, ఫింజాన్ ఖాళీగా ఉండకూడదు," అంది. గంగక్క దల్లా ఎత్తుకుంది. అయినా మనసు ఊరుకోక, అన్నాల బల్ల దగ్గర మామా అప్పట్లో రోజూ తన కోసం లాగిన చెక్క కుర్చీని తెచ్చి, ఇంటివాళ్ల వరుసలో ఉమ్ జాసిం పక్కన వేసింది. మెత్తటి సోఫాలుండగా ఆ కుర్చీలో ఎవరు కూర్చుంటారు. మూడు రోజులుగా అది ఖాళీగానే ఉంది.

మూడో రోజు సాయంత్రం అసర్ నమాజు దాటాక జనం ఎక్కువయ్యారు. వంటింట్లో బషీరా బీ యాలకులు దంచుతోంది. రాయచోటి మనిషి, పక్కింట్లో వంటపని. మూడు రోజులుగా సాయానికొస్తోంది. గంగక్క దల్లా నింపుకోవడానికి రాగానే పట్టుకుంది.

"ఏం మే గంగక్కా, పొద్దు వాలతాండాది. ఎప్పుడు కూసుంటావు?"

"జర ఆగవే. గీ వరుస అయిపోనీ."

"నిన్నా అదే చెప్తివి, మొన్నా అదే చెప్తివి. సచ్చినోళ్లకిచ్చిన మాటతో ఆటలాడకూడదు మే. ఆ దల్లా ఇట్లియ్యి, నేను పోస్తా."

"ఉమ్ జాసిం సూస్తున్నది బషీరా."

"మీ మామా చూస్తాండ్లేదా మరి?"

గంగక్క దల్లా నింపుకుని హాల్లోకి వెళ్లిపోయింది. ఆమె మూడు రోజులుగా ఏడవలేదు కూడా. చేతిలో వేడి దల్లా పెట్టుకుని ఎవరేడుస్తారు.

హాల్లో ఉస్తాజా హెస్సా మాట్లాడుతోంది. మామా దగ్గర జూనియర్‌గా చేరి, ఇప్పుడు తనే పేరున్న వకీలు అయిన మనిషి. మామా గురించి ఎంత ముద్దుగా చెబుతోందంటే, ఏడుస్తున్న వాళ్లు కూడా మధ్యలో నవ్వారు. కోర్టులో ఫైలు మర్చిపోయి వచ్చి, కేసంతా నోటితోనే వాదించి గెలవడం. ఎదుటి వకీలు గొంతు పెంచితే సంచీలోంచి ఖర్జూరం తీసి, "తిను నాయనా, నీరసపడ్డావు," అని ఇవ్వడం. కొత్తగా చేరిన ఆడపిల్లలకు మొదటి పాఠంగా సెక్షన్లు చెప్పకుండా, ముందు తలుపు తోసుకుని ఎలా రావాలో నేర్పించడం. అన్నీ నిజాలే. గంగక్క ఫింజాన్లు అందిస్తూ, లోపల లోపల ఔనౌనంటూ వింది.

ఆఖరున హెస్సా కళ్లు తుడుచుకుంది. "ఆమె ఎవరి కోసం బతికిందో వాళ్లు ఒక్కరూ ఈరోజు ఇక్కడ లేరు. అదొక్కటే నా బాధ," అంది.

గంగక్క ఆ మాటకు గహ్వా పోయడం మర్చిపోయి, ఒక క్షణం నిలబడిపోయింది. ఒక ముసలామె ఖాళీ ఫింజాన్ చాపి ఉంటే ఉమ్ జాసిం కళ్లతోనే గదమాయించింది. గంగక్క పోసేసి వంటింటి వైపు నడిచింది.

వంటింటి తలుపు తీసేసరికి లోపల అడుగు పెట్టే చోటు లేదు. మంగ వచ్చింది. నిజామాబాద్ దిక్కు పిల్ల, జహ్రాలో పని. రెండేళ్ల కింద గదికి తాళమేసిన ఇంట్లోంచి పోలీసుల్ని వెంటబెట్టుకొచ్చి మామా బయటికి తెచ్చిన మనిషి. మంగతో పాటు ఇంకా కొందరు. ఒక శ్రీలంక ఆమె, ఇద్దరు నేపాలీ ఆడపిల్లలు, అబ్బాసియాలో కుట్టుపని చేసే సత్యనారాయణమ్మ. లింగం అని ఇంటి డ్రైవరొకడు తన యజమానురాలిని బతిమాలి బండి తెచ్చి, అందరినీ ఎక్కించుకొచ్చాడట. వెనక గేటు లోంచి వచ్చి, గ్యాస్ సిలిండర్ల పక్కన చెప్పులు విడిచి, గోడవారగా నేల మీద ఒదిగి కూర్చున్నారు.

మంగ లేచి గంగక్కను గట్టిగా పట్టుకుంది. "మామా లేదంటే నమ్మబుద్ది అయితలేదక్కా. ఆ పెద్దోళ్లకు చెప్పుడు మాకు రాదు. నీకు చెప్పిపోదామని అచ్చినం."

గంగక్క వాళ్లను చూసింది. హెస్సా లేరన్నవాళ్లు వీళ్లే. ఉన్నారు. మామా అజాకి, మామా ఇంట్లోకి, వెనక తలుపు నుంచి వచ్చి నేల మీద కూర్చున్నారు. మామా బతికుంటే ఏం చేసేదో గంగక్కకు కళ్లకు కట్టింది. గౌను సర్దుకుని వీళ్ల పక్కన నేల మీద కూర్చుండిపోయేది, అంతే.

"లేవుండ్రి," అంది గంగక్క. "చెప్పులేసుకోండ్రి. ముందటి గుమ్మం నుంచి పోండ్రి."

ఎవరూ కదల్లేదు. "ముందటి నుంచా?" అంది మంగ. "మాతోని గాదక్కా. ఆ పట్టుబట్టలోళ్ల నడుమ మేం ఏడ కూసోవాలె?"

"కుర్చీలల్ల కూసోవాలె. మామా ఇల్లే ఇది."

"మరి నువ్వేడ కూసుంటున్నవ్?"

మంగ ఎగతాళికి అడగలేదు. నిజంగా తెలుసుకుందామనే అడిగింది. గంగక్క చేతిలో దల్లా వైపు చూసి మళ్లీ అంది. "నువ్వే నిలబడి పోస్తుంటే మేం కూసుండి తాగుతమా అక్కా? నువ్వు కూసో. నీ పక్కపొంటి మేమస్తం."

బషీరా బీ రోలు పక్కన పెట్టి, గంగక్క ముఖంలోకి చూసింది. ఆ చూపుకంటే తిట్టినా బాగుండేది.

గంగక్కకు ఇఖామా గుర్తొచ్చింది. ఊళ్లో కూతురి నర్సింగ్ చదువు గుర్తొచ్చింది. ఉమ్ జాసిం గొంతు గుర్తొచ్చింది. కిటికీలోంచి ఎండ పసుపెక్కి గోడ పైకి పాకుతోంది. ఇంకొంచెం సేపైతే బాంగు ఇస్తారు, కుర్చీలు ఎత్తేస్తారు. ఆ చెక్క కుర్చీని అన్నాల బల్ల దగ్గరికి తనే మోసుకెళ్లి పెట్టాలి. ఆ తర్వాత జీవితమంతా దాన్ని తుడవాలి. అది తనతో కాదని ఆమెకు తెలిసిపోయింది.

దల్లాను పొయ్యి మీద పెట్టింది. ముందుకు కట్టుకున్న గుడ్డ విప్పింది. చేతులు కడుక్కుంది.

"నడువుండ్రి," అంది. "నువ్వు గూడ రావే బషీరా."

"నేను యాడికి మే, గహ్వా ఎవరు పోస్తారు?"

"ఎవలన్న పోసుకుంటరు తియ్యి."

వెనక తలుపు దాటి, ఇంటి పక్క సందులోంచి, ఏసీ డబ్బాల నీళ్లు కారుతున్న చోటు తొక్కుకుంటూ, డబ్బాలో పెంచుకున్న కరివేపాకు చెట్టు పక్కగా, అందరూ ఒకరి వెనక ఒకరు ముందు వైపుకి వచ్చారు. ఆ పాలరాతి మెట్లను గంగక్క రోజూ కడిగింది. వాటి మీదుగా ఇంట్లోకి మాత్రం ఒక్కనాడూ రాలేదు. మామా ఎన్నిసార్లు పిలిచినా, "నాకు యెనుక తలుపే దగ్గర మామా," అనేది. ఈరోజు మెట్టు మీద కాలు పెట్టగానే చేపల సంచీతో దర్జాగా నడిచే ఆ పొడుగాటి మనిషి గుర్తొచ్చి, ధైర్యం కాదు గాని, నవ్వొచ్చింది. ఆ నవ్వుతోనే గడప దాటింది.

"సలామ్ అలైకుమ్," అంది గట్టిగా.

హాల్లో అందరూ తలలు తిప్పి చూశారు. గంగక్క ఎవరినీ చూడలేదు. నేరుగా ఇంటివాళ్ల వరుస దగ్గరికి నడిచి, ఉమ్ జాసిం పక్కన ఖాళీగా ఉన్న చెక్క కుర్చీలో కూర్చుంది. కూర్చుంది అంటే అంచు మీద కాదు. వీపు ఆనించి కూర్చుంది. మోకాళ్లు లేవకుండా రెండు అరచేతులూ వాటి మీద వేసి అదిమిపెట్టింది.

ఉమ్ జాసిం ముఖం గంటు పెట్టుకుంది. నోరు తెరవబోయింది. అప్పటికే మంగ వచ్చేసింది. మర్యాద తెలిసిన పిల్ల. ముందు ఉమ్ జాసిం చెయ్యి పట్టుకుని, "అజ్జమ్ అల్లా అజ్రిచ్," అంది. "మా మామా నన్ను తాళమేసిన గదిలోంచి బయటికి తెచ్చింది," అని వచ్చిన అరబ్బీలో చెప్పింది. వెనక వచ్చిన శ్రీలంక ఆమె తన ముక్క చెప్పింది. నేపాలీ పిల్లలు చెప్పారు. సత్యనారాయణమ్మకు అరబ్బీ రాక ఊరికే చెయ్యి పట్టుకుని ఏడ్చింది. ఉమ్ జాసిం తెరిచిన నోరు మూసుకుని, ఒక్కొక్కరి ముఖాన్నీ చూస్తూ ఉండిపోయింది.

మంగ గంగక్క ముందుకొచ్చి వంగింది. "అజ్జమ్ అల్లా అజ్రిచ్, అక్కా."

దానికి ఏం బదులు చెప్పాలో గంగక్కకు తెలుసు. మూడు రోజులుగా ఈ హాల్లో వందసార్లు విని ఉంటుంది. నోటికి రాలేదు. మూడు రోజుల ఏడుపు ఒక్కసారి కట్ట తెంచుకుంది. "మా మామానే," అంటూ మంగ భుజం మీద పడి వెక్కి వెక్కి ఏడ్చింది. తల్లి పోయినప్పుడు పరాయి ఇంట్లో నోట్లో గుడ్డ కుక్కుకుని ఏడ్చిన ఏడుపు కూడా అందులో కలిసింది. కూర్చుంటే గాని ఇంత ఏడవలేమని ఆమెకు అప్పుడే తెలిసింది.

హెస్సా లేచి వచ్చింది. గంగక్క చెయ్యి రెండు చేతుల్లోకి తీసుకుని, ఇంటి ఆడపడుచుకు చెప్పినట్టే ఆ మాట చెప్పింది. "మీరంతా వచ్చారు," అని కూడా అంది. ఆమె వెనక ఇంకొకరు లేచారు, ఆ వెనక ఇంకొకరు. రావడానికి ఇష్టం లేని వాళ్లు రాలేదు, కూర్చునే ఉన్నారు. వచ్చినవాళ్లు మాత్రం చాలామందే. మంగ వాళ్లంతా సోఫాల్లో ఇరుక్కుని కూర్చున్నారు. బషీరా బీ కూడా ఒక మూల కుర్చీ చూసుకుంది.

అప్పుడు తెలిసింది, గహ్వా ఆగిపోయిందని. ఫింజాన్లన్నీ ఖాళీ. పెద్దింటి ఆడవాళ్లు ఒకరినొకరు చూసుకున్నారు. ఉమ్ జాసిం అబాయా కొంగు సర్దుకుని పైకి లేచింది. పెద్దామె లేవడంతో గంగక్క మోకాళ్లు కూడా లేవబోయాయి. భుజం మీద బరువైన చెయ్యి పడింది.

"ఉండు," అంది ఉమ్ జాసిం. అని వంటింట్లోకి వెళ్లింది.

ఇఖామా ఖలాస్, అనుకుంది గంగక్క. సంచీలో ఏమేం సర్దుకోవాలో కూడా అనుకుంది. మామా నమాజు చాప ఇస్తారో లేదో అడగాలనుకుంది.

ఉమ్ జాసిం తిరిగొచ్చేసరికి ఆమె ఎడమచేతిలో దల్లా ఉంది. కుడిచేతిలో ఫింజాన్లు. ఎప్పుడూ పోయనన్న ఆ చెయ్యికి ఎవరూ నేర్పక్కర్లేకపోయింది. పట్టుకోవడం, వంచడం, అంతా పాతకాలపు వాళ్ల పద్ధతే. ఆమె తల్లిని ఎరిగిన ముసలివాళ్లు ఒకరిద్దరు ఆ చెయ్యినే చూస్తూ ఉండిపోయారు. ఆమె పెద్దింటి వాళ్ల వైపు వెళ్లలేదు. చెక్క కుర్చీ ముందుకొచ్చి నిలబడింది. ఒక ఫింజాన్ అడుగున కొంచెం గహ్వా పోసి గంగక్కకు అందించింది.

"మా అమ్మ అందరికీ పోసింది," అంది మెల్లగా. "ఆమెకు ఎవరూ పోయలేదు. తాగు."

గంగక్క తాగింది. ఏళ్ల తరబడి తనే కాచిన గహ్వా. యాలకులు, కుంకుమపువ్వు, చేదు. ఇంత బాగుంటుందని ఆమెకు తెలియదు, కూర్చుని ఎప్పుడూ తాగలేదు కనక.

తాగడం అయ్యాక ఫింజాన్‌ను అటూ ఇటూ ఊపితే చాలని గుర్తు. ఊపేదాకా పోసేవాళ్లు ఎదురుగా నిలబడే ఉండాలి, అది పద్ధతి. గంగక్కకు తెలియని పద్ధతా. వేలమంది ఫింజాన్లు ఊపడం చూసి పక్కకు కదిలిన మనిషి ఆమె. ఇప్పుడు ఉమ్ జాసిం నిలబడి ఉంది, తను కూర్చుని ఉంది. మోకాళ్లు మళ్లీ ఒకసారి కదిలాయి. ఎడమచేత్తో వాటిని అదిమిపట్టింది. బయట మగ్రిబ్ బాంగు మొదలైంది.

గంగక్క ఫింజాన్ ఊపలేదు. ముందుకు చాపింది.

"ఇంకొంచెం," అంది.

ఉమ్ జాసిం పోసింది.